తోపులో పెట్టె బిగించేముందు

తిరుపతి

చిరంజీవి చిన్నమ్మికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ జట్టు ఎలిక్సిర్ అనే ప్రోగ్రామింగ్ భాషతో బోరు మోటరును వేసి ఆపే పెట్టె తయారు చేస్తోందని, సంక్రాంతిలోపు మూడు మామిడి తోపుల్లో బిగించాలనుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. వినగానే ప్రాణం లేచొచ్చింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారని రాస్తున్నాను. మీవాళ్లందరికీ చదివి వినిపించు.

ఎర్లాంగ్ అనే పేరు మీకు కాలేజీ అయ్యాక తెలిసుంటుంది. నాకది ఉద్యోగంలో రోజూ నలిగిన మాట. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో రద్దీని ఎర్లాంగుల్లోనే లెక్కగట్టేవాళ్లం. ఒక లైను గంటంతా ఖాళీ లేకుండా ఉంటే ఆ గంటకు ఒక ఎర్లాంగ్. డెన్మార్క్ గణిత శాస్త్రజ్ఞుడు అగ్నర్ ఎర్లాంగ్ పేరది. ఎరిక్సన్ కంపెనీలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ 1986లో మొదలుపెట్టిన భాషకూ అదే పేరు వచ్చింది, అది పుట్టింది ఎక్స్ఛేంజీల కోసమే కాబట్టి. 1998లో దాని సోర్సు అందరికీ ఇచ్చేశారు. జోసె వలీం చేసిన ఎలిక్సిర్ నడిచేది ఆ పునాది మీదే.

నేను చూసుకున్న పల్లె ఎక్స్ఛేంజీ 128 పోర్టుల ర్యాక్స్, అంటే ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ పల్లెల కోసం చేసిన ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీ. ఏసీ లేని గదిలో, దుమ్ములో, ఎండలో నడవాలని తయారుచేసిన యంత్రం. అందులో కంట్రోల్ కార్డులు రెండు జతలు. ఒక జత పనిలో ఉంటే ఇంకోటి సిద్ధంగా కాచుకుని ఉండేది. అది చెడిపోదని దాన్ని చేసినవాళ్లు అనుకోలేదు. చెడిపోతుంది, అప్పుడేం చెయ్యాలి అన్న దగ్గరే మొదలుపెట్టారు. మీరూ అక్కడే మొదలుపెట్టండి. మీ గదిలో టేబుల్ మీద చక్కగా పనిచేసిందని నాకు చెప్పొద్దు. కరెంటు పదిసార్లు పోయి వచ్చినా, మనిషి చెయ్యి పడకుండా లేచి పనిలో పడిందా, అది చెప్పండి.

బంగారుపాళెం దగ్గర మీ బాబాయి తోపులో నేను రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు బిగించిన సంగతి నీకు తెలుసు కదా. మామూలు లినక్స్, ఒక ప్రోగ్రాము, అంతే. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఒక సాయంత్రం గాలివాన వచ్చింది, కరెంటు పోతూ వస్తూ ఐదారుసార్లు కొట్టింది. ఏదో రాసుకుంటున్న సమయంలో పవర్ పోయి మెమొరీ కార్డు చెడింది. ఎర్ర లైటు వెలుగుతోంది, పెట్టె లేవదు. తిరుపతి నుంచి బస్సెక్కి వెళ్లి, షెడ్డులో గోనెసంచి మీద కూర్చుని కార్డు మళ్లీ రాసుకున్నాను. పన్నెండు రోజులకు మళ్లీ అదే కథ. రెండోసారి వెళ్లేసరికి మీ బాబాయి నా పెట్టె వైరు తీసి పక్కన చుట్టిపెట్టి, పాత స్టార్టరు బటన్ నొక్కి నీళ్లు పెట్టుకుంటున్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ వైరు చుట్ట నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

అందుకే మీరు నెర్వ్స్, అదే ఎలిక్సిర్ ప్రోగ్రామును ఇలాంటి చిన్న బోర్డుల్లో నడిపే ఏర్పాటు, ఎంచుకోవడం నాకు నచ్చింది. లినక్స్ కెర్నెలు, ఎర్లాంగ్‌ను నడిపే వర్చువల్ యంత్రం, మీ ప్రోగ్రాము కలిసి ఒకే ఫర్మ్‌వేర్ ఫైలు. సిస్టం ఉండే భాగం చదవడానికే, దాని మీద రాయడం ఉండదు కాబట్టి కరెంటు పోయినా అది చెడే అవకాశం బాగా తక్కువ. కార్డులో రెండు అరలుంటాయి. ఒకటి నడుస్తుంటే కొత్త అప్‌డేట్ రెండోదాంట్లోకి వెళ్తుంది. మా కంట్రోల్ కార్డుల జత గుర్తొచ్చింది నాకు. అయితే కొత్తది సరిగా లేవకపోతే తనంతట పాతదానికి తిరిగి వెళ్లే ఏర్పాటు మీ బోర్డుకు ఉందో లేదో చూసుకోండి. కావాలని పాడు అప్‌డేట్ ఒకటి పంపి, తిరిగి వచ్చేదాకా పరీక్షించండి. రోజువారీ లెక్కలు రాసుకునే భాగం వేరే ఉంటుంది. అది చెరిగిపోయినా పెట్టె లేవాలి, మోటరు సంగతి చూసుకోవాలి.

ఇప్పుడు మీలాంటివాళ్లు తప్పకుండా పడే గుంత ఒకటి చెబుతాను. "పడితే పడనీ, సూపర్‌వైజర్ లేపుతుంది" అని మీవాళ్లు ధైర్యంగా అంటుంటారు. పడిపోయిన ప్రోగ్రాము ముక్కను మళ్లీ లేపే కాపలాదారే సూపర్‌వైజర్. నిజమే, కానీ దాని ఓపికకూ హద్దుంది. వేరే చెప్పకపోతే 5 సెకన్లలో 3 సార్లకు మించి లేపాల్సి వస్తే సూపర్‌వైజరే చేతులెత్తేస్తుంది. దాని పైనున్నదీ అలాగే. చివరికి ప్రోగ్రామంతా ఆగుతుంది, మీ అమరికను బట్టి పెట్టె రీబూట్ కూడా అవుతుంది. తోపులో ఉడత సెన్సర్ వైరు కొరికిందనుకో. చదవబోతే పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఒక్క వైరు తెగినందుకు పెట్టె రాత్రంతా రీబూట్లతోనే సరిపెట్టొచ్చు. వైరు తెగడం మన చేలల్లో వింత కాదు, మామూలు సంగతి. అలాంటిదాన్ని ప్రోగ్రాము పడిపోయేలా వదలొద్దు. "సెన్సర్ లేదు" అనేది కూడా ఒక స్థితిగా రాసుకోండి. మోటరు ఆపి, నిమిషానికోసారి మళ్లీ చూడమనండి. ఊహించని తప్పులకే సూపర్‌వైజర్‌ను ఉంచండి.

ఎలిక్సిర్‌ది ఫంక్షనల్ పద్ధతి, అంటే ఒకే ఇన్‌పుట్‌కు ఎప్పుడూ ఒకే జవాబిచ్చే ఫంక్షన్లతో రాయడం. దాని అసలు మేలు ఇక్కడే. మోటరు వెయ్యాలా ఆపాలా అన్న తీర్పంతా ఒక్క ఫంక్షన్‌లో పెట్టండి. పాత స్థితి, ఇప్పుడు వచ్చిన కబురు లోపలికి. కొత్త స్థితి, చెయ్యాల్సిన పని బయటికి. అందులో పిన్ను తాకడం, నెట్ వైపు చూడటం ఉండకూడదు. మన బోర్లు ఆగి ఆగి పోస్తాయి. నీళ్లు అయిపోతే మోటరు లాగే ఆంపియర్లు బాగా పడిపోతాయి. పడి ఇంత సేపైతే ఆపు, ఇంత సేపు బోరు ఊరనిచ్చి మళ్లీ వెయ్యి, మూడుసార్లు అలాగే అయితే ఆపేసి రైతుకు కబురు పెట్టు. ఇదంతా ఒక్క మోటరు కూడా లేకుండా ల్యాప్‌టాప్ మీద వంద రకాలుగా పరీక్షించొచ్చు. ఆ "ఇంత సేపు"ను గడియారం చూసి లెక్కపెట్టొద్దు, ఎర్లాంగ్ మోనోటోనిక్ టైం వాడండి, తేదీ మారినా అది వెనక్కి పోదు. చాలా రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు వచ్చి నెట్ రాకపోతే తేదీ తప్పుంటుంది, నెట్ రాగానే ఒక్కసారిగా దూకుతుంది.

ఇంకొకటి, ప్రాణంతో పని. రైతు పొద్దున పదింటికి ఫోన్లో "వెయ్యి" అని నొక్కాడు, సిగ్నల్ లేదు. రెండింటికి సిగ్నల్ వచ్చింది. అప్పుడు ఆ పాత ఆజ్ఞ అంది మోటరు తిరిగితే? అదే సమయంలో వైర్‌మ్యాన్ చెయ్యి స్టార్టరులో ఉంటే? ప్రతి ఆజ్ఞకూ గడువు పెట్టండి, దాటితే పారెయ్యండి. పెట్టెకు సరైన టైం తెలియనప్పుడు దూరం నుంచి వచ్చిన "వెయ్యి"ని అసలు ఒప్పుకోవద్దు. పరికరాల మధ్య కబుర్లు మోసే ఎంక్యూటీటీ వాడుతుంటే మోటరు ఆజ్ఞల్ని రిటెయిన్ (చివరి కబురును దాచి ఉంచడం) చెయ్యనే చెయ్యొద్దు. పెట్టె మళ్లీ కలిసిన ప్రతిసారీ కబుర్లు పంచే సర్వర్, అదే బ్రోకర్, ఆ పాత మాటే అందిస్తుంది. షెడ్డులో చేత్తో ఆపే స్విచ్చు ఉండాలి, దాన్ని ప్రోగ్రాము దాటకూడదు. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజ్ ప్రివెంటరు జోలికి పోవద్దు. మీది వాటికి పైన అదనం మాత్రమే. 415 వోల్టుల వైపు లైసెన్సున్న ఎలక్ట్రీషియనే ముట్టుకోవాలి, మీలో ఎవ్వరూ కాదు.

రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులవి. ఐదు వోల్టులు తగిలిస్తే బోర్డు పోతుంది. రిలే బోర్డుల్లో చాలావాటికి సిగ్నల్ తక్కువైతేనే పట్టుకునే గుణం. బూట్ అయ్యే క్షణంలో పిన్ను ఎటుంటుందో చూడకపోతే కరెంటు వచ్చినప్పుడల్లా మోటరు ఒక్క కుదుపు కుదుపుతుంది. మోటరు బదులు బల్బు పెట్టి యాభైసార్లు ప్లగ్గు పీకి పెట్టి చూడండి. ఒక్కసారి మిణుకుమన్నా ఒప్పుకోవద్దు. చెట్ల మధ్య బ్యాటరీతో నడిచే తేమ సెన్సర్లకు రాస్ప్‌బెర్రీ పై వద్దు, బ్యాటరీ తాగేస్తుంది. ఈఎస్‌పీ32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ చాలు. నెర్వ్స్ దాని మీద నడవదు గానీ, చిన్న చిప్‌లకోసం చేసిన ఎర్లాంగ్ యంత్రం అటామ్‌వీఎం పెట్టుకుంటే ఎలిక్సిర్‌లోనే రాసుకోవచ్చు.

మీ జట్టులో అందరూ కోడ్ రాసేవాళ్లే అని విన్నాను. మోటర్లు రివైండింగ్ చేసే మేస్త్రీ ఒకర్ని ఆదివారాలు పిలిచి కూర్చోబెట్టండి, ఆయన టైముకు డబ్బులివ్వండి. మోటరు ఎందుకు కాలుతుందో ఆయన చుట్టిన రాగికి తెలిసినంత మన లాగ్ ఫైళ్లకు తెలియదు. తోపు రైతునూ పిలవండి. పెట్టె మీద మాటలు తెలుగులో ఉండాలి. "బోరులో నీళ్లు తగ్గాయి, 20 నిమిషాలు ఆగుతున్నా" అని కనపడితే రైతు నమ్ముతాడు. ఎర్రర్ నంబరు కనపడితే వైరు పీకుతాడు.

మూడు తోపులు ఇప్పుడొద్దు తల్లీ. ఒకే తోపు తీసుకోండి, పిందె పట్టినప్పటి నుంచి తోతాపురి కోత అయ్యేదాకా. మీ బాబాయిని నేను అడిగాను. ముందు పలకలేదు. తర్వాత, "పాత స్టార్టరు తియ్యకపోతే పెట్టుకోమను" అన్నాడు. ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను, ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు తెస్తాను. మీరు పెట్టె, బల్బు, ఒక పొడుగు ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకోండి. ప్లగ్గు పీకే పని నాది.

ఇట్లు
మీ పెదనాన్న