లినక్స్ కొత్తగా వేశాక డెస్క్‌టాప్ బిగుసుకుపోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

అక్కర్లేదు, చాలాసార్లు తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌దే (గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్). ఎన్విడియా కార్డు ఉంటే లినక్స్ మామూలుగా నూవో అనే ఓపెన్ డ్రైవర్‌తో నడిపిస్తుంది. కొన్ని కార్డులకు అది సరిపడదు, తెర ఆగిపోతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్ల తెర మీద లాగిన్ అడిగితే సిస్టమ్ బతికే ఉంది, ఇరుక్కున్నది డెస్క్‌టాప్ ఒక్కటే.

మిర్యాలగూడలో ఓ డీటీపీ సెంటర్ వాళ్లు ఎన్విడియా కార్డున్న పాత సిస్టమ్‌లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేశారనుకోండి. ఆన్ చేయగానే ఎస్కేప్ (పాత బయోస్ అయితే షిఫ్ట్) నొక్కితే గ్రబ్ మెనూ (లినక్స్ మొదలయ్యే ముందు వచ్చే బూట్ మెనూ) వస్తుంది. అక్కడ ‘ఇ’ (e) కీ నొక్కి, ‘లినక్స్’ (linux) అని మొదలయ్యే లైన్ చివర ఖాళీ వదిలి ‘నోమోడ్‌సెట్’ అని ఇంగ్లిష్‌లో (nomodeset) కొట్టి ఎఫ్10 నొక్కాలి. డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది, కాకపోతే అక్షరాలు లావుగా కనిపించొచ్చు. ‘అడిషనల్ డ్రైవర్స్’లో ఎన్విడియా డ్రైవర్ ఎంచుకుని రీస్టార్ట్ చేయాలి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే అప్పుడో నీలి తెర వస్తుంది. అక్కడ ‘ఎన్‌రోల్ మోక్’ (Enroll MOK, డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పడం) ఎంచుకుని, డ్రైవర్ వేసేటప్పుడు పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది దాన్ని దాటేస్తారు, డ్రైవర్ లోడ్ కాదు.

ఇన్‌స్టాలేషన్ పాడైందనుకుని మళ్లీ మళ్లీ వేయడం వృథా, వేసిన ప్రతిసారీ మామూలుగా వచ్చేది అదే నూవో. నోమోడ్‌సెట్ మందు అనుకోవడమూ పొరపాటే: ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది.