టెక్ సందేహాలు: నాకు 23, నా స్నేహితురాలికి 30... ఎవరి లెక్క సరైనది?

ప్రశ్న: మధురవాడలో ఉంటూ బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎథికల్ హ్యాకింగ్ సాధన కోసం ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (ఒకే కంప్యూటర్‌లో వేరే కంప్యూటర్లను నడిపే ప్రోగ్రామ్) వేసుకుని, ఒకవైపు స్కాన్ పనిముట్లు ఉండే కాలీ లినక్స్, మరోవైపు సాధన కోసం కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్ 2 పెట్టుకున్నాను. పోర్టులను వెతికే ఎన్‌మ్యాప్‌తో స్కాన్ చేస్తే 23 పోర్టులు తెరిచి ఉన్నాయని వచ్చింది. నా స్నేహితురాలు తన ల్యాప్‌టాప్‌లో అదే సాధన యంత్రాన్ని స్కాన్ చేస్తే 30 వచ్చాయి. పైగా 1524 దగ్గర నాకు ఒక పేరు, ఆమెకు మరో పేరు కనిపించింది. నేనెక్కడ తప్పు చేశాను? ఈ జాబితాతో తర్వాత ఏమి చేయాలి?

జవాబు: మీరు తప్పేమీ చేయలేదు. ఆ యంత్రాన్ని మీరు అడిగిన ప్రశ్న ఒకటి, మీ స్నేహితురాలు అడిగిన ప్రశ్న మరొకటి. జాబితా కంటపడగానే "వీటిలో దేన్ని ముందు బద్దలు కొట్టవచ్చు" అని అడిగే ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. మీరు రెండు జాబితాలను పక్కపక్కన పెట్టుకుని తేడా ఎక్కడ వచ్చిందని చూశారు. అనుమతితో దాడి చేసి లోపాలు వెతికే పెనెట్రేషన్ టెస్టింగ్‌కు కావలసిన చూపు అదే కాబట్టి, ఈ వారం ఎక్కువ చోటు మీ ఉత్తరానికే ఇస్తున్నాను.

విశాఖలో పోర్టు అనగానే డాల్ఫిన్స్ నోస్ పక్కగా లోపలికి వచ్చే ఓడలు గుర్తుకొస్తాయి. ఇక్కడి పోర్టు ఒట్టి సంఖ్య. ఒకే యంత్రంలో వెబ్ సర్వర్, మెయిల్ సర్వర్, డేటాబేస్ కలిసి నడుస్తున్నప్పుడు, వచ్చిన కబురు ఎవరికి అందాలో తేల్చే సంఖ్య. కబుర్లు చేరవేసే పద్ధతుల్లో ఒకటైన టీసీపీలో ఇవి 1 నుంచి 65,535 వరకు ఉంటాయి. వీటిలో ఏ సంఖ్య వెనక ఒక ప్రోగ్రామ్ చెవి ఒగ్గి కూర్చుందో కనుక్కోవడమే స్కాన్.

ఎన్‌మ్యాప్‌ను రూట్, అంటే యంత్రంపై పూర్తి అధికారంతో నడిపితే అది ఇచ్చేది ఒక రకమైన మిస్డ్ కాల్. ముందు సిన్ అనే చిన్న ప్యాకెట్ పంపుతుంది. అవతల ఎవరైనా వింటూ ఉంటే సిన్-ఆక్ అనే జవాబు వస్తుంది. రాగానే ఇవతలి నుంచి రీసెట్ వెళ్లిపోతుంది, మాట మొదలు కాకముందే ఫోను పెట్టేసినట్టు. ఆ సంఖ్య దగ్గర ఎవరూ వినకపోతే అవతలి యంత్రమే రీసెట్ పంపుతుంది, "ఈ నంబరు వాడుకలో లేదు" అన్నట్టు. ఏ జవాబూ రాకపోతే మధ్యలో ఫైర్‌వాల్ ఏదో ఆ పిలుపును ఆపేసి ఉండవచ్చు. తెరపై కనిపించే ఓపెన్, క్లోజ్డ్, ఫిల్టర్డ్ అనే మూడు మాటల వెనక జరిగేది ఇదే. ఫిల్టర్డ్ అన్నదాన్ని "మూసి ఉంది" అని చదువుకునేవారు చాలామంది. మూసి ఉందని తెలియడం వేరు, ఏమీ తెలియకపోవడం వేరు. నివేదికలో ఈ రెంటినీ కలిపేస్తే చదివేవారిని తప్పుదారి పట్టించినట్టే.

ఇప్పుడు మీ 23 సంగతి. ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే ఎన్‌మ్యాప్ వెయ్యి టీసీపీ పోర్టులనే చూస్తుంది. అవి ఒకటి నుంచి వెయ్యి వరకు వరుసగా ఉండేవి కావు, లోకంలో ఎక్కువగా తెరిచి కనిపించే వెయ్యి. అందుకే మీ జాబితాలో 3306, 5432, 8180 లాంటివి కూడా ఉన్నాయి. మీ స్నేహితురాలు కమాండులో గీత, చిన్న పి, మళ్లీ గీత చేర్చి ఉంటారు. అంటే మొత్తం 65,535 పోర్టులనూ తట్టి చూడమని. ఆ వెయ్యిలో లేని 3632, 6697, 8787 అలా బయటపడ్డాయి. మిగిలిన నాలుగూ పెద్ద సంఖ్యలై ఉంటాయి. వేరే యంత్రం నుంచి పని చేయించుకోనిచ్చే ఆర్‌పీసీ తరహా సేవలు యంత్రం లేచినప్పుడల్లా కొత్తగా ఎంచుకునే సంఖ్యలవి. యంత్రాన్ని ఆపి మళ్లీ నడిపి స్కాన్ చేస్తే ఆ నాలుగూ మారిపోవడం మీరే చూడవచ్చు. తక్కిన మూడింటిలో 3632 దగ్గర ఉన్నది డిస్ట్‌సీసీ. ప్రోగ్రాములను కంపైల్ చేసే పనిని పలు యంత్రాలకు పంచే సేవ అది. ఈ సాధన యంత్రంలో లోపలికి వెళ్లే దారుల్లో అదొకటి, మీ జాబితాలో అది లేనే లేదు. కాబట్టి ముందు వెయ్యి పోర్టుల స్కాన్ చేయండి. ఆ ఫలితం చదువుతూ ఉండగా మరో టెర్మినల్‌లో పూర్తి స్కాన్ నడవనివ్వండి. ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్న యంత్రానికి ఎక్కువ సేపు పట్టదు.

కబుర్లు చేరవేసే మరో పద్ధతి యూడీపీ. దాని దగ్గర మాత్రం ఓపిక కావాలి. మూసి ఉన్న యూడీపీ పోర్టు గురించి చెప్పే జవాబులను లినక్స్ సెకనుకు ఒకటి చొప్పున పరిమితం చేస్తుంది. ఆ లెక్కన మొత్తం పోర్టులు చూడాలంటే 18 గంటలు దాటుతుంది. ముఖ్యమైన ఓ వంద చూస్తే మీకు ప్రస్తుతానికి చాలు.

ఇక పేర్ల తేడా. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇది. 1524 దగ్గర మీకు ఇంగ్రెస్‌లాక్ అని వచ్చి ఉంటుంది, ఆమెకు బైండ్‌షెల్ అని. మామూలు స్కాన్‌లో ఎన్‌మ్యాప్ ఆ పోర్టు వెనక ఎవరున్నారో అడగదు. తన దగ్గరున్న పట్టికలో ఆ సంఖ్యకు ఎదురుగా ఏ పేరు రాసి ఉందో అదే చూపిస్తుంది. మన వంటింటి అలమరలో హార్లిక్స్ సీసా కనిపించినంత మాత్రాన లోపల హార్లిక్స్ ఉందనుకోము. మూత తీస్తే ఆవాలు ఉండవచ్చు. మూత తీసి చూడాలంటే కమాండులో గీత, చిన్న ఎస్, పెద్ద వి చేర్చాలి. అప్పుడు ఎన్‌మ్యాప్ తెరిచి ఉన్న ప్రతి పోర్టుతోనూ మాట కలిపి, వచ్చిన జవాబును బట్టి ఏ ప్రోగ్రామో, ఏ వెర్షనో చెబుతుంది. మీరూ చేసి చూడండి. 2121 దగ్గర ముందు సీసీప్రాక్సీ ఎఫ్‌టీపీ అని కనిపించినది ప్రోఎఫ్‌టీపీడీ 1.3.1 అవుతుంది. 8180 దగ్గర "తెలియదు" అని ఉన్నచోట టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్ ప్రత్యక్షమవుతుంది. 1524 దగ్గరైతే పాస్‌వర్డ్ అడగకుండానే రూట్ షెల్‌ను, అంటే పూర్తి అధికారంతో కమాండ్లు ఇచ్చే తెరను, చేతికిచ్చే ద్వారం కనిపిస్తుంది. పట్టికలోని పేరు చదివి పాత డేటాబేస్ సేవ ఏదోలే అని దాటిపోయి ఉంటే, ఆ యంత్రంలోని అతి పెద్ద లోపాన్ని వదిలేసినట్టే.

వెర్షన్ అడగడంలోనూ ఒక జాగ్రత్త ఉంది. కొన్నేళ్ల కిందట ఒక కాలేజీ ల్యాబ్‌లో విద్యార్థులకు ఇదే నేర్పుతున్నాను. ఒకరు రెండు గీతలు పెట్టి ఆల్‌పోర్ట్స్ అనే ఐచ్ఛికాన్ని చేర్చి, సాధన యంత్రానికి బదులు ల్యాబ్ నెట్‌వర్క్ మొత్తం మీద స్కాన్ వదిలారు. మూలనున్న ప్రింటర్ దానంతట అదే కాగితాలు లాక్కుని అర్థం లేని అక్షరాలు అచ్చు వేయడం మొదలుపెట్టింది. కారణం చిన్నదే. చాలా నెట్‌వర్క్ ప్రింటర్లు 9100 పోర్టుకు ఏది వచ్చినా అచ్చు వేసేస్తాయి. అందుకే వెర్షన్ గుర్తింపులో ఎన్‌మ్యాప్ మామూలుగా ఆ పోర్టును వదిలేస్తుంది, ఆ ఐచ్ఛికం పెడితే వదలదు. ఆ రోజు పోయినవి కాగితాలే. ఆసుపత్రి పరికరాలో, కర్మాగారంలోని యంత్రాలో ఉన్న నెట్‌వర్క్ అయితే ఏమయ్యేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అప్పటి నుంచి స్కాన్ చేయబోయే చిరునామాను పైకి చదివి, ఆ తర్వాతే ఎంటర్ కొట్టమని విద్యార్థులకు చెబుతున్నాను.

తర్వాత ఏమి చేయాలన్నారు. ఒక నోటు పుస్తకం తీసి, ఒక్కో పోర్టుకు ఒక్కో పేజీ ఇవ్వండి. దాడి పనిముట్లను వారం రోజులు ముట్టుకోకండి. మొదటి పేజీ 21వ పోర్టుకు. అక్కడ ఉన్నది వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4. ఈ సేవ ఫైళ్లను ఇటూ అటూ పంపుతుంది, పాస్‌వర్డ్‌ను దాచకుండా తీగ మీద పంపిస్తుంది అని రాయండి. ఆ కిందనే దాని చరిత్ర రాయండి. 2011లో ఎవరో ఈ వెర్షన్ డౌన్‌లోడ్ ఫైల్‌లో దొంగ కోడ్ కలిపారు. వాడుకరి పేరులో కోలన్, దాని పక్కన ముగింపు బ్రాకెట్, అంటే మనం చాటింగ్‌లో వాడే నవ్వు గుర్తు కనిపిస్తే చాలు, 6200 పోర్టులో రూట్ షెల్ తెరుచుకునేది. ఆ ఏడాది జులైలో అది బయటపడింది. 6667 దగ్గరున్న అన్‌రియల్ ఐఆర్‌సీడీ అనే చాట్ సర్వర్‌ది కూడా ఇలాంటి కథే. 2009 నవంబరు నుంచి 2010 జూన్ వరకు కల్తీ అయిన ఫైల్ డౌన్‌లోడ్‌కు ఉండిపోయింది. ఈ రెండు పేజీలు రాసేసరికి వెర్షన్ సంఖ్య అంటే మీకు ఒక ప్రోగ్రామ్ జాతకంలా కనిపిస్తుంది.

నిజమైన ఉద్యోగంలో మాత్రం ఆ సంఖ్యను గుడ్డిగా నమ్మకండి. ఉబుంటు, డెబియన్ వంటివి పాత వెర్షన్ సంఖ్యను అలాగే ఉంచి లోపాన్ని మాత్రం సరిచేస్తుంటాయి. సంఖ్య పాతది కాబట్టి లోపం ఉందని రాసేస్తే, ఆ సర్వర్‌ను శ్రద్ధగా చూసుకుంటున్న మనిషిని అన్యాయంగా తప్పుపట్టినట్టవుతుంది.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి నేనే అడుగుతున్నాను. ఆ సాధన యంత్రం నెట్‌వర్క్ సెట్టింగ్ ఏమిటి? హోస్ట్-ఓన్లీ అని, అంటే మీ ల్యాప్‌టాప్‌కూ అందులోని యంత్రాలకూ మాత్రమే పరిమితమని ఉండాలి. బ్రిడ్జ్‌డ్ అని ఉంటే ఇది చదవడం ఆపి ముందు మార్చండి. ఎంఎస్‌ఎఫ్‌అడ్మిన్ అనే దాని పేరు, పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలుసు. బ్రిడ్జ్‌డ్‌లో పెడితే మీ వైఫైలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ యంత్రం తలుపులు బార్లా తెరిచినట్టే.

ప్రశ్న: నేనూ మెటాస్ప్లాయిటబుల్‌తోనే సాధన చేస్తున్నాను. యంత్రం నడుస్తూనే ఉంది, కానీ ఎన్‌మ్యాప్ "హోస్ట్ డౌన్" అంటోంది. పింగ్ (యంత్రం ఉందా అని అడిగే పిలుపు) వదిలేయమని చెబితే, అంటే గీత, పెద్ద పి, చిన్న ఎన్ పెడితే సరిపోతుందన్నారు. అయినా ఫలితం లేదు. (ఎంవీపీ కాలనీ)

జవాబు: ఆ సలహా దూరంగా ఉండి పింగ్‌కు బదులివ్వని యంత్రాలకు. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు ఎన్‌మ్యాప్ పింగ్ మీద ఆధారపడదు, ఒకే నెట్‌వర్క్‌లో "ఈ చిరునామా ఎవరిది" అని అడిగే ఏఆర్‌పీని వాడుతుంది. దానికీ జవాబు లేదంటే రెండు యంత్రాలూ ఒకే నెట్‌వర్క్‌లో లేవని అనుమానించాలి. రెండింటిలోనూ చిరునామా చూడండి. రెండూ 10.0.2.15 అని చూపిస్తుంటే రెండింటినీ న్యాట్ అనే నెట్‌వర్క్ సెట్టింగ్‌లో పెట్టారన్నమాట. వర్చువల్‌బాక్స్ న్యాట్‌లో ప్రతి యంత్రానికీ వేరే గది, అన్ని గదులకూ అదే నంబరు. రెండింటినీ హోస్ట్-ఓన్లీకి మార్చితే సాధారణంగా 192.168.56తో మొదలయ్యే చిరునామాలు వస్తాయి, స్కాన్ నడుస్తుంది.

ప్రశ్న: గాజువాకలో ఉంటాము. మా అబ్బాయి రాత్రిళ్లు కంప్యూటర్‌లో "స్కానింగ్ సాధన" అంటూ కూర్చుంటున్నాడు. తెర నిండా నల్లటి గీతలు, అంకెలు. ఇది నేరమవుతుందేమోనని మా ఇంట్లో ఆందోళనగా ఉంది.

జవాబు: అయ్యా, తన సొంత కంప్యూటర్‌లో తానే పెట్టుకున్న యంత్రం మీద చేస్తుంటే అందులో నేరమేమీ లేదు. ఎన్‌మ్యాప్ దొంగల పనిముట్టు కాదు. గోర్డన్ లయన్ అనే ప్రోగ్రామర్ 1997లో విడుదల చేసిన ఈ ఉచిత పనిముట్టును నెట్‌వర్క్‌లు చూసుకునే ఉద్యోగులు రోజూ వాడతారు. మీరు అడగవలసింది ఒక్కటే: "నాన్నా, ఈ యంత్రం ఎవరిది?" సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి, నెట్‌వర్క్‌లోకి ప్రవేశించడాన్ని తప్పుగా చూస్తుంది. అదే పని మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రభుత్వం రక్షిత వ్యవస్థలుగా ప్రకటించిన కంప్యూటర్ల జోలికి పోతే 70వ సెక్షన్ కింద శిక్ష పదేళ్ల వరకు ఉండవచ్చు. నౌకాదళం, ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు మనది. సరదాకైనా ఆ సంస్థల చిరునామాల వైపు స్కాన్ తిప్పకూడదని వాడికి మీరే చెప్పండి. బయటి యంత్రాన్ని స్కాన్ చేయాలన్న కోరిక ఉంటే, ఎన్‌మ్యాప్ వారు స్కాన్‌మీ అనే యంత్రాన్ని అందుకోసమే ఇంటర్నెట్‌లో ఉంచారు. రోజుకు కొద్దిసార్లు చేస్తే అభ్యంతరం లేదన్నారు. ఒకసారి మీరూ పక్కన కూర్చుని, ఆ అంకెలేమిటో చెప్పమని అడగండి. వాడు ఎంత నేర్చుకున్నాడో మీకూ తెలుస్తుంది.

ప్రశ్న: ద్వారకానగర్‌లో మందుల దుకాణం నడుపుతున్నాను. సీసీ కెమెరాలు బిగించినవారు, ఇంటి నుంచి చూసుకోవడానికని రౌటర్‌లో ఏదో పోర్టు తెరిచి వెళ్లారు. ఇలా తెరిచి ఉంచడం మంచిదేనా?

జవాబు: మంచిది కాదు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లతోనే ఉండిపోయిన కెమెరాల్లోకి, వాటి దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్‌లలోకి పెద్ద ఎత్తున చొరబడింది. దానికి కావలసినవి రెండే: తెరిచి ఉన్న ఒక పోర్టు, ఎవరూ మార్చని ఒక పాస్‌వర్డ్. బిగించినవారిని పిలిచి మీ ముందే మూడు పనులు చేయించుకోండి. డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చి, కొత్తది మీ దగ్గరే ఉంచుకోండి. డీవీఆర్ సాఫ్ట్‌వేర్‌ను తాజా చేయించండి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీ తెరిపించి, వారు రాసిన వరుసను తీసేయించండి. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే దాన్నీ ఆపించండి, లేకపోతే డీవీఆర్ తానే మళ్లీ పోర్టు తెరిపించుకోగలదు. ఇంటి నుంచి చూడటానికి రౌటర్‌లో వీపీఎన్ (బయటి నుంచి లోపలి నెట్‌వర్క్‌కు సురక్షితంగా చేరే దారి) సౌకర్యం ఉంటే దాన్ని పెట్టమనండి. అంతా అయ్యాక ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద పాత పద్ధతిలో కెమెరా తెరవడానికి ప్రయత్నించండి. దుకాణం వైఫై మీద చూస్తే లోపలి నుంచి చూసినట్టే, తలుపు నిజంగా పడిందో లేదో తెలియదు. బయటి నుంచి తెరుచుకోకపోతే పని జరిగినట్టు. తెరుచుకుంటే వారిని దుకాణం దాటనివ్వకండి.