షెడ్డులోని ఫియట్, వేలంలోని ఫెరారీ

ప్రశ్న: కీర్తిశేషులైన మా నాన్నగారు 1966లో కొన్న ఫియట్ 1100 కారు చాలా ఏళ్లుగా హన్మకొండలో మా ఇంటి వెనుక షెడ్డులో ఉంది. పాత ఇనుప సామాను వాళ్లు దానిని తూకానికి అడుగుతున్నారు. అదే దశాబ్దంలో అదే ఇటలీలో తయారైన ఒక ఫెరారీ కారు 2018లో వేలంలో మూడు వందల కోట్ల రూపాయలకు పైగా పలికిందని మా అబ్బాయి చూపించాడు. పైగా దాని బాడీని మధ్యలో ఒకసారి మార్చారట. బాడీ మారిన కారును అసలైన కారని ఎలా అంటారు? అంత ధర దేనికి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందుగా చిన్న సవరణ. మీ కారు నమూనా ఇటలీదే కాని, ఆ రోజుల్లో మన దేశంలో అమ్మిన ఫియట్‌లను బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారు చేసేవారు. తరువాత పద్మిని అన్న పేరుతో మనందరికీ తెలిసినది ఈ కారే.

మీ అబ్బాయి చూపించినది ఫెరారీ 250 జీటీవో, ఛాసిస్ (కారు అడుగు చట్రం) నంబరు 3413. అది 2018 ఆగస్టులో అమెరికాలోని మాంటెరేలో జరిగిన వేలంలో 4.84 కోట్ల డాలర్లకు, అంటే అప్పటి మారకం ప్రకారం సుమారు 340 కోట్ల రూపాయలకు, అమ్ముడుపోయింది. మూడు లీటర్ల, 12 సిలిండర్ల ఇంజిన్‌తో 1962 నుంచి 1964 వరకు ఈ రకం కార్లు 36 మాత్రమే తయారయ్యాయి. జీటీ (గ్రాండ్ టూరింగ్) పందేలలో పాల్గొనాలంటే వంద కార్లు తయారు చేయాలన్నది నాటి నిబంధన. ఇది కొత్త కారు కాదని, తమ పాత 250 జీటీకి మెరుగుపరచిన రూపమేనని చెప్పి ఫెరారీ సంస్థ ఆమోదం సంపాదించింది. జీటీవో పేరులోని చివరి అక్షరం ‘ఓ’కు (ఒమొలొగాటో) ‘ఆమోదం పొందినది’ అని అర్థం కావడం ఇందులోని చమత్కారం.

అయితే కార్ల సంఖ్య తక్కువైనంత మాత్రాన ఇంత ధర రాదు. మన దగ్గర ప్లాటు కొనేవారు లింకు డాక్యుమెంట్లు, ఈసీ అడిగినట్టే, ఇటువంటి కారు కొనేవారు మొదటి రోజు నుంచి అది ఎవరి చేతిలో ఉంది, ఏ పందెంలో ఎవరు నడిపారు, ఎక్కడ దెబ్బ తిన్నది, ఎవరు బాగు చేశారు అన్నది ఏడాది వారీగా అడుగుతారు. 3413కు ఆ లెక్క తెగకుండా ఉంది. 1961 ప్రపంచ ఛాంపియన్ ఫిల్ హిల్, 1962లో సిసిలీ కొండదారుల్లో జరిగే టార్గా ఫ్లోరియో పందేనికి ముందు సాధనలో దీనిని నడిపాడు. తరువాత దీనిని కొన్న ఎడోర్డో లువాల్డి అదే ఏడాది ఇటలీ జీటీ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ పైన నగల వ్యాపార కుటుంబానికి చెందిన జియాన్ని బుల్గారి, ఆయన తరువాత కొరాడో ఫెర్లైనో దీనికి యజమానులయ్యారు. వారి కాలంలో 1963, 1964 టార్గా ఫ్లోరియోలలో ఇది తన తరగతిలో మొదటి స్థానం సంపాదించింది. ఈ ఫెర్లైనోయే తరువాత నేపుల్స్ ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడిగా మారడోనాను తీసుకువచ్చినవాడు.

ఇక బాడీ విషయం. పందెపు కారుకు గుర్తింపు ఛాసిస్ మీద కొట్టిన నంబరు; పైనున్న అల్యూమినియం రేకు ఆ రోజుల్లో అవసరాన్ని బట్టి మారేది. 1964లో ఈ కారుకు కొత్త ఆకృతి తొడిగినది ఫెరారీకి బాడీలు చేసిపెట్టే మోడెనాలోని స్కాలియెట్టి కార్ఖానాయే. కారు ఇంకా పందేలలో తిరుగుతున్న కాలంలో, మరింత వేగం కోసమే ఆ పని జరిగింది. అందువల్ల ఆ మార్పు కూడా చరిత్రలో భాగమే అయింది. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనుక ఇరుసు మొదటివే ఉన్నాయి. ఇదే మార్పును ముప్పై ఏళ్ల తరువాత ఎవరో తమ షెడ్డులో చేయించి ఉంటే ధర పడిపోయేది.

ఈ కార్లను కూడా ఒకప్పుడు ఎవరూ లెక్కచేయలేదంటే మీకు కొంత ఊరట కలుగుతుందేమో. 3589 నంబరు జీటీవో ఇంగ్లండులో పందేలు ఆడి అమెరికా చేరాక, దాని యజమాని టెక్సస్‌లోని విక్టోరియా హైస్కూలుకు దానిని విరాళంగా ఇచ్చేశాడు. ఆ స్కూలు 1972లో దానిని 6,500 డాలర్లకు అమ్మింది. కొన్న మనిషి ట్రైలరు మీద ఎక్కించి ఆరుబయట పొలంలో నిలిపాడు. 1988లో మరొకరు కొనేవరకు అది ఎండకూ వానకూ అలాగే ఉంది. పందెపు కారుకు ఆట ముగిశాక అది వట్టి పాత కారు. దాని గతాన్ని వెదికి రాసిపెట్టేవారు వచ్చిన తరువాతే ఈ ధరలు వచ్చాయి.

లింకు తెగితే ఏమవుతుందో 1954 నాటి ఫెరారీ 375 ప్లస్ ఒకటి చూపించింది. అమెరికాలోని ఒహాయోలో దొంగతనానికి గురైన ఆ కారు బెల్జియంలో తేలింది. యాజమాన్యం ఎవరిదన్న తగాదా ఏళ్ల తరబడి నడిచి, రాజీ కుదిరిందనుకొని 2014లో ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో కోటి పౌండ్లకు పైగా ధరకు వేలం వేస్తే, వేలం తరువాత కూడా కోర్టు వ్యాజ్యాలు వదలలేదు. భూమి తగాదాలు ఎరిగిన మన జిల్లాల వారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

మీ ఫియట్‌కు ఫెరారీ ధర రాదు. అయినా చుట్టరికం మాత్రం నిజంగానే ఉంది. ఆల్ఫా రోమియో కార్ల సంస్థను వదిలి వచ్చిన ఎంజో ఫెరారీ (ఫెరారీ సంస్థ స్థాపకుడు), నాలుగేళ్లు తన పేరుతో పందేలలోకి దిగరాదన్న షరతు ఉండటంతో, 1940లో ‘815’ అనే పేరుతో రెండు కార్లు తయారు చేయించాడు. ఎనిమిది సిలిండర్ల ఆ ఇంజిన్‌కు ఫియట్ 1100 సిలిండర్ హెడ్లు రెండింటిని వాడారు. ఆ ఏడాది ఇటలీలోని మిల్లె మిలియా రోడ్డు పందెంలో ఒకదానిని, తరువాత ప్రపంచ ఛాంపియన్ అయిన అల్బెర్టో అస్కారి నడిపాడు. రెండు కార్లూ మధ్యలోనే ఆగిపోయాయి. మీ కారు ఇంజిన్ ఆ 1100 ఇంజిన్ వంశానిదే.

కాబట్టి తూకానికి ఇవ్వకండి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరగని సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తారు. ముందే రిజిస్టరైన వాటికి పాత నంబరు ఉంచుకోవచ్చు. అటువంటి కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనానికి, మరమ్మతులకు రోడ్డెక్కించవచ్చు కాని రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. మెకానిక్‌ను పిలిచే ముందు మీ నాన్నగారి ఆర్సీని, కొన్నప్పటి రసీదును, పాత బీమా కాగితాలను వెదకండి. ఆర్సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కారు మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో చూసుకోండి. ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంటే, వారసులుగా ఫారం 31తో ఆర్టీవో కార్యాలయంలో మీ పేరుకు మార్పించుకోవాలి. రంగు వేయించడం ఆ తరువాత ఆలోచించవచ్చు.