కొత్త కొత్త సోషల్ మీడియా యాప్‌ల మధ్య వెనకబడిపోయానని అనిపిస్తోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫేస్‌బుక్, వాట్సాప్ వరకే తెలుసని, ఆఫీసులో చిన్నవాళ్లు ఇన్‌స్టా, థ్రెడ్స్, టెలిగ్రామ్, డిస్కార్డ్ అంటుంటే మాట కలపలేకపోతున్నానని, ఇంజినీరింగ్ చదివే అబ్బాయిని అడిగితే "నీకెందుకమ్మా అవన్నీ" అంటున్నాడని రాశారు. అన్నీ నేర్చుకోవాలా, మొత్తం వదిలేయాలా అని అడిగారు. మీదీ విశాఖే అన్నారు కాబట్టి నాకు జరిగింది మీకు చెప్పాలనిపించింది. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నాకు 54 ఏళ్లు. 2002 నుంచి 2013 దాకా మద్దిలపాలెంలో నెట్ సెంటర్ నడిపాను. ఎనిమిది కేబిన్లు, రెండు వెబ్‌కామ్‌లు. గంటకు 30 రూపాయలతో మొదలుపెట్టి చివరికి 10 రూపాయలకు వచ్చాం. యూనివర్సిటీ కుర్రాళ్లు, ఎంసెట్ ఫలితాల కోసం షట్టర్ తీయకముందే వచ్చి నిలబడే తల్లిదండ్రులు, వీసా ఫారాలు నింపుకునేవాళ్లు, ఎప్పుడూ జనమే. కొత్తగా ఏ సైటు వచ్చినా మా వీధిలో ముందు నాకే తెలిసేది. ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ అనే సైటు 2004లో వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో ఎంతమందికి అకౌంట్ తెరిచిచ్చానో లెక్కలేదు. స్క్రాప్ (అవతలివాళ్ల పేజీలో పెట్టే చిన్న మెసేజ్) ఎలా రాయాలి, ఫొటో ఎలా పెట్టాలి, ఎవరు మన పేజీ చూశారో ఎలా తెలుస్తుంది, అన్నీ నన్నే అడిగేవారు. అలాంటి నాకు కూడా మీకున్న బాధే వచ్చింది. అందుకే ఇది వయసు వల్లో, తెలివి తక్కువై వచ్చిందో కాదని మీకు ముందే చెబుతున్నాను.

ఆ నెట్ సెంటర్ రోజుల్లోని ఒకావిడ గురించి చెప్పాలి. పెదవాల్తేరు నుంచి ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వచ్చేది. కొడుకు అమెరికాలో ఉండేవాడు. మనకు రాత్రి, వాడికి పొద్దున్న. ఆవిడకు ఇంగ్లీషు రాదు, మౌస్ పట్టుకోవడం రాదు. లోపలికి వస్తూనే "మా వోడు వచ్చాడేటి బాబూ?" అని అడిగేది. నేను యాహూ మెసెంజర్ తెరిచి, హెడ్‌ఫోన్ పెట్టి, కెమెరా ఆవిడ వైపు తిప్పేవాణ్ణి. కొన్నాళ్లకు అబ్బాయి స్కైప్‌కి మారాడు. నాకది పెద్ద మార్పు. కొత్త సాఫ్ట్‌వేర్ దింపుకోవాలి, సెట్టింగులు చూసుకోవాలి. ఆవిడకు మాత్రం ఏమీ మారలేదు. అదే కుర్చీ, అదే హెడ్‌ఫోన్, అదే కొడుకు. అన్నేళ్లలో ఆవిడ యాహూ పేరుగానీ స్కైప్ పేరుగానీ ఒక్కసారి కూడా పలకలేదు. ఇప్పుడు ఆ రెండూ లేవు. యాహూ మెసెంజర్ 2018 జులైలో, స్కైప్ 2025 మేలో మూతపడ్డాయి. ఆవిడ కొడుకుతో మాట్లాడటం మాత్రం ఆగలేదు, ఇప్పుడు వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తాడు.

ఆవిడకు తెలిసింది నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

చేతిలోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చాక నెట్ సెంటర్‌కి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. మూసేసి జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు పెట్టుకున్నాను. పనిలో పడి కొత్త యాప్‌ల సంగతి పట్టించుకోలేదు. 2023 జూన్‌లో గాజువాకలో ఒక పెళ్లికి వెళ్లాం. అక్కడ మా అన్నయ్య కొడుకు "చిన్నాన్నా, అక్క నాటకంలో భలే చేసింది కదా" అన్నాడు. మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. నాటకం సంగతి నాకు తెలియదు. తెలిసినట్టే తలూపాను. ఇంటికొచ్చి మా ఆవిడను అడిగితే తనకూ తెలియదంది. అమ్మాయి ఆరు నెలలుగా ఒక నాటక బృందంతో రిహార్సల్స్ చేసి, స్టేజీ ఎక్కి, ఫొటోలన్నీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. చుట్టాల పిల్లలందరూ చూశారు. ఆ రాత్రి మా ఇద్దరికీ సరిగ్గా అన్నం దిగలేదు.

మర్నాడే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్, టెలిగ్రామ్, ట్విట్టర్, వరసగా అన్నీ ఎక్కించుకున్నాను. జులైలో థ్రెడ్స్ వచ్చింది. ఐదు రోజుల్లో 10 కోట్ల మంది చేరారని చదివి అందులోనూ చేరాను. అదే నెలలో ట్విట్టర్ పేరు ఎక్స్ అని మార్చేశారు. పొద్దున్న లేచేసరికి ఫోన్ నిండా నోటిఫికేషన్లు. వాటిలో ఒక్కటీ నాకు తెలిసిన మనిషి నుంచి వచ్చింది కాదు. షాపులో గిరాకీ నిలబడి ఉన్నా నా కళ్లు ఫోన్ మీదే. మా అమ్మాయి అకౌంట్ ప్రైవేటు. రిక్వెస్ట్ పెట్టాను. రెండు రోజులైనా ఒప్పుకోలేదు. ఆ రెండు రోజులూ పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. కన్నకూతురు నన్ను గుమ్మం బయట నిలబెట్టినట్టు అనిపించింది.

మూడో రోజు తనే ఫోన్ చేసింది. "నాన్నా, రిక్వెస్ట్ చూశాను. ఒప్పుకోమంటే ఒప్పుకుంటాను. కానీ అది నేను నా ఫ్రెండ్స్‌తో మాట్లాడుకునే చోటు. నాటకం గురించి మీకు చెప్పకపోవడం నా తప్పే. స్టోరీ పెట్టేశాక అందరికీ చెప్పేసినట్టే అనిపించింది. మీరు అక్కడ లేరన్న సంగతే తట్టలేదు" అంది.

ఈ చివరి మాటలు మీరు గుర్తుంచుకోవాలని నా కోరిక. పోస్టు పెట్టినవాళ్లకు అందరికీ చెప్పేశామనే అనిపిస్తుంది. చూడనివాళ్లకు మనల్ని వదిలేశారనిపిస్తుంది. నిజానికి ఎవరూ ఎవర్నీ వదిలేయలేదు. ఆ రోజే ఒక మాట అనుకున్నాం. ముఖ్యమైనది ఏదున్నా తను వాట్సాప్‌లో మా ఇద్దరికీ విడిగా పంపుతుంది, ఆదివారం రాత్రి ఫోన్ చేస్తుంది. నేను నా రిక్వెస్ట్ వెనక్కి తీసుకున్నాను.

ఇక ఆఫీసు సంగతి. అది ఇంటి సంగతి లాంటిది కాదు. మునుపు ఆర్కుట్‌లోగానీ మొదట్లో ఫేస్‌బుక్‌లోగానీ మనకు కనబడేది మనం చేర్చుకున్న మనుషులు రాసిందే. ఇప్పుడు అలా లేదు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించారు. ఆ ఖాళీలోకి కొద్ది వారాల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, షేర్‌చాట్ వాళ్ల మోజ్, ఆ తర్వాత యూట్యూబ్ షార్ట్స్ వచ్చేశాయి. వీటిలో వచ్చేవి ఎక్కువగా ముక్కూమొహం తెలియనివాళ్ల వీడియోలు. ఏ వీడియో దగ్గర మీరు ఎంతసేపు ఆగారో చూసి, అలాంటివే మళ్లీ తెచ్చి పెడతాయి. అంటే మీ పక్క సీటు అమ్మాయి ఫోన్లో ఇన్‌స్టా వేరు, మీ ఫోన్లో ఇన్‌స్టా వేరు. మీరు ఈరోజే చేరి రాత్రంతా చూసినా, రేపు వాళ్లు నవ్వుకునే రీల్ మీకు కనబడుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి అందరికీ తెలిసింది నాకొక్కదానికే తెలియలేదని బాధపడకండి. వాళ్లలో కూడా ఒకరు చూసింది ఇంకొకరికి తెలియదు, చూపించుకుంటేనే తెలుస్తుంది. మీరూ "ఏదీ, నాకూ చూపించు" అని అడగండి. మా షాపులో పనిచేసే కుర్రాణ్ణి నేను రోజూ అడుగుతాను. ఎంత ఇష్టంగా చూపిస్తాడో! అలా అడిగినందుకు నన్ను ఎవరూ తక్కువగా చూడలేదు.

అన్నీ నేర్చుకోవాలా అన్నారు. నేను కష్టపడి నేర్చుకున్నవాటిలో ఎన్ని మిగిలాయో చూడండి. 2011లో గూగుల్ ప్లస్ వచ్చినప్పుడు ఇక ఫేస్‌బుక్ పని అయిపోయిందనుకుని పది మందికి అకౌంట్లు తెరిచిచ్చాను. 2019 ఏప్రిల్‌లో అది పోయింది. ట్విట్టర్ లాంటిదే మనవాళ్లు పెట్టిన కూ యాప్‌లో తెలుగులో రాసుకోవచ్చని ఆశపడ్డాను, 2024 జులైలో మూసేశారు. ఇక ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. మూసేస్తామని మూడు నెలల ముందే చెప్పారు. నా నెట్ సెంటర్ ఫొటోలు, అక్కడికి వచ్చే కుర్రాళ్లు నా గురించి రాసిన టెస్టిమోనియల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. దాచుకోవాలి, దాచుకోవాలి అనుకుంటూనే గడువు దాటిపోయింది. ఆ తర్వాత కూడా 2016 దాకా ఫొటోలు దింపుకునే వీలుందని నాకు తెలియదు. ఆ ఫొటోలు గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీరు వాడే ఫేస్‌బుక్‌లో పాత ఫొటోలుంటే, కొత్త యాప్ నేర్చుకోవడం కన్నా ముందు వాటిని దింపి ఇంట్లో ఒకచోట దాచుకోండి.

ఆర్కుట్ పోయిన పన్నెండో రోజునే, అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మీకు నేను చెప్పాలా ఆ రోజులు. మా వీధిలో ఎనిమిది రోజులు కరెంటు లేదు, ఫోన్లకు సిగ్నల్ లేదు. ఆర్కుట్‌లో నాకు మొదటి టెస్టిమోనియల్ రాసిన స్నేహితుడు, మూడో రోజు గాజువాక నుంచి సైకిల్ మీద, విరిగిపడ్డ చెట్లు దాటుకుంటూ, వెనక మంచినీళ్ల డబ్బా కట్టుకుని వచ్చాడు.

యాప్‌లు ఎక్కువైతే కబుర్లు ముందు తెలుస్తాయని కూడా అనుకోవద్దు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై పలువురు చనిపోయిన రోజు మా అక్క గోపాలపట్నంలో ఉంది. నేనున్న ప్రతి గ్రూపులోనూ వందల మెసేజ్‌లు, ఎప్పటివో ఎక్కడివో తెలియని వీడియోలు. ఆ రాత్రి మళ్లీ లీకైందన్న పుకారుతో జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదకు వచ్చేశారు. మా అక్క క్షేమంగా ఉందని నాకు తెలిసింది మాత్రం ఆవిడ పక్కింటాయన చేసిన ఫోన్ వల్ల. అప్పటి నుంచి మా అపార్ట్‌మెంట్లో ఒక కాగితం మీద ప్రతి ఇంటి నంబరూ రాసి లిఫ్ట్ పక్కన అంటించాం.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నానో చెబుతాను, మీకు పనికొస్తే తీసుకోండి. ముందు నాకు ముఖ్యమైన మనుషుల పేర్లు కాగితం మీద రాసుకున్నాను. ఏడుగురు వచ్చారు. ఒక్కొక్కరూ ఎక్కడ ఎక్కువగా మాట్లాడతారో వాళ్లనే అడిగాను. ఐదుగురు వాట్సాప్, ఒకరు ఫేస్‌బుక్, మా తమ్ముడు మామూలు ఫోన్. మిగతా యాప్‌లన్నీ తీసేశాను. వాటిలో అకౌంట్లు కూడా పూర్తిగా డిలీట్ చేశాను. యాప్ తీసేసినంత మాత్రాన అకౌంట్ పోదు, ఇది చాలామందికి తెలియదు. వాడని అకౌంట్ ఎవరి చేతిలోనైనా పడితే మన పేరుతో చుట్టాలను డబ్బులడుగుతారు. మా షాపుకి అలా మోసపోయి వచ్చినవాళ్లను నేను చూశాను. ఉంచుకున్నవాటికి రెండంచెల వెరిఫికేషన్, అంటే లాగిన్ అయ్యేటప్పుడు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకున్నాను. వాట్సాప్ ప్రైవసీ సెట్టింగుల్లో, నన్ను గ్రూపుల్లో చేర్చే వీలు నా కాంటాక్టులకే ఉండేలా మార్చాను. ఆ ఒక్క మార్పుతో స్టాక్ మార్కెట్ టిప్స్ గ్రూపుల బెడద పోయింది. ఫేస్‌బుక్‌లో ఫీడ్స్ అనే చోటకి వెళ్లి ఫ్రెండ్స్ అన్నది నొక్కితే ఫ్రెండ్స్ రాసినవి వరసగా వస్తాయి. నేను అదొక్కటే చూస్తాను, పది నిమిషాల్లో అయిపోతుంది.

డిస్కార్డ్ గురించి ప్రత్యేకంగా అడిగారు. అది 2015లో గేములు ఆడేవాళ్లు ఆడుతూ మాట్లాడుకోవడానికి వచ్చింది. ఇప్పుడు కాలేజీ పిల్లలు ప్రాజెక్టులకు, కోడింగ్ గ్రూపులకు కూడా వాడుతున్నారు. మీ అబ్బాయి అందుకే వాడుతుండొచ్చు. మీరు అందులో చేరాల్సిన పని లేదు. ఆ యాప్ ఏంటని కాకుండా, అందులో ఎవరితో మాట్లాడతావు, వాళ్లు ఎలాంటివాళ్లు అని అడిగి చూడండి. "నీకెందుకమ్మా" అన్నది యాప్ గురించి అడిగినప్పుడు. స్నేహితుల గురించి అడిగితే అదే జవాబు రాకపోవచ్చు. మా అమ్మాయిని నేను నాటకం గురించి అడిగినప్పుడు గంటన్నర మాట్లాడింది. తను వేసింది ముసలి అత్తగారి వేషమట, వాళ్ల నానమ్మ నడక చూసి నేర్చుకుందట. ఇన్‌స్టాలో ఫొటోలు చూసిన చుట్టాల పిల్లలెవరికీ ఆ సంగతి తెలియదు.

ఆదివారం తీరిగ్గా, బీచ్ రోడ్డుకో ఎక్కడికో తీసుకెళ్లి అడగండి. ఏమన్నాడో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.