పరీక్ష ఇప్పుడే రాయి, కాలేజీకి తరువాత వెళ్దువుగాని

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కాకినాడ. వయసు 24. బీటెక్ అయ్యాక గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజినీరుగా చేరి రెండేళ్లు దాటింది. కటింగులు పోను చేతికి 46,000 వస్తుంది. కిందటి నవంబరులో ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాస్తే 91 పర్సంటైల్ వచ్చింది. పేరున్న చోట నుంచి ఇంటర్వ్యూ పిలుపు రాలేదు. ఒక ప్రైవేటు కాలేజీ సీటు ఇచ్చి నాలుగు రోజుల్లో లక్ష కట్టమంటే వదులుకున్నాను. ఈ ఏడాది మళ్లీ క్యాట్ రాయాలా, లేక ఇంకొంత అనుభవం వచ్చాక ఐఎస్‌బీలో (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఏడాది కోర్సుకు ప్రయత్నించాలా? మా ఆఫీసు బస్సు రోజూ ఆ గేటు ముందు నుంచే వెళుతుంది.

నాన్నగారు ప్రభుత్వ ఉపాధ్యాయులు. వచ్చే జూన్‌లో రిటైరవుతారు. జీతం ఉండగానే లోన్ తీసుకోవాలని, ఆలస్యం అమృతం విషమని పెదనాన్నగారు అంటారు. నిదానమే ప్రధానమని మావయ్య. తమ్ముడు బీటెక్ మూడో ఏడాదిలోకి వచ్చాడు. అమ్మ పెళ్లయ్యాక చదువుకోమంటోంది. ఏడాది ఆగితే ప్రమోషన్ ఇప్పిస్తానని మా టీమ్ లీడర్ మాట ఇచ్చారు. పోయిన ఏడాది మందుల పంపిణీ చేసే ఒక క్లయింటు గోదాములో రెండు వారాలు కూర్చుని, గడువు తీరి వెనక్కి వచ్చిన మందుల లెక్కలో తేడా ఎక్కడ వస్తోందో వెతికాం. ఆ రెండు వారాలూ సమయం తెలియలేదు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ‘మీరు’ అని రెండుసార్లు రాసి కొట్టేశాను. మా చిన్నమ్మాయి కంటే చిన్నదానివి, నువ్వనే అంటాను. ముందు సామెతల తగువు తీర్చేద్దాం. తెలుగులో ప్రతి సామెతకూ ఒక ఎదురు సామెత ఉంది కాబట్టి పెదనాన్నగారినీ మావయ్యగారినీ వాళ్లలో వాళ్లకు వదిలేద్దాం.

నీ ఉత్తరం మూడు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. అందులో నాన్న, అమ్మ, తమ్ముడు, టీమ్ లీడర్ అందరూ నిండుగా ఉన్నారు. నువ్వు మాత్రం ఆ గోదాము దగ్గర రెండు వాక్యాల్లో కనిపించి మాయమయ్యావు. నేను ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేశాను, అందులో సగానికి పైగా లోన్ల బల్ల దగ్గరే. ఎంబీఏ ఎందుకని అడిగితే పిల్లలు మంచి ప్యాకేజీ అనో, నాయకత్వ లక్షణాలు ఉన్నాయనో చెప్పేవారు. గడువు తీరిన మందుల పెట్టెల గురించి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ పెట్టెల సంగతి నాకూ కొంత తెలుసు. దుకాణం నుంచి డిస్ట్రిబ్యూటరుకు, అక్కడి నుంచి కంపెనీకి వెనక్కి వెళ్లే సరుకుకు క్రెడిట్ నోటు, అంటే ఆ విలువ తిరిగి జమ చేస్తామన్న కాగితం, రావాలి. బ్యాచ్ నంబరు ఒక్కటి తప్పినా అది ఆగిపోతుంది. ఆగిన సరుకును స్టాకు స్టేట్‌మెంటులో మంచి సరుకుగా చూపించి మా దగ్గర అప్పు పెంచుకున్న ఖాతాదారులనూ చూశాను. నువ్వు వెతికింది ఆ చిక్కునే. వ్యాపారం అంటే అక్కడ ఉంటుంది.

ఈ ఏడాదే కాలేజీలకు వెళితే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి నీ దగ్గర ఆ పద్నాలుగు రోజులే ఉన్నాయి, మిగతాది టెస్టింగ్. అందుకే ఈ ఏడాది దరఖాస్తులు ఆపు, ఒక్క ఏడాది ఆగు. టీమ్ లీడర్ గారిని మాత్రం ప్రమోషన్ అడగవద్దు. పని మార్చమని అడుగు. ఆ క్లయింటు పక్షాన కూర్చుని వాళ్లకు ఏం కావాలో రాసిపెట్టే బిజినెస్ అనలిస్టు పని ఇవ్వమను. మూడు నెలల్లో ఇవ్వకపోతే, ఇచ్చే కంపెనీ వెతుక్కో. ఏడాది ఆగడం అన్నాను కానీ, అదే కుర్చీలో ఏడాది కూర్చోవడం అనలేదు.

ఇక పరీక్ష. దరఖాస్తు ఆపమన్నాను, చదువు ఆపమనలేదు. క్యాట్ స్కోరు ఒక్క ప్రవేశాల సీజనుకే పనికొస్తుంది. ఐఎస్‌బీ లాంటి చోట్ల చూసే జీమ్యాట్ పరీక్ష స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. నీకు లెక్కలూ పట్టికలూ ఇంకా చేతిలో ఆడుతున్నాయి. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్ రెండుంపావు గంటల పరీక్ష, మూడు భాగాలు. జామెట్రీ లేదు, వాక్యంలో తప్పు దిద్దే ప్రశ్నలూ లేవు. క్యాట్ కోసం చేసిన డేటా ప్రశ్నల సాధన అక్కడ బాగా అక్కరకు వస్తుంది. ఫీజు ఇరవై వేలు దాటుతుంది. బాధగానే ఉంటుంది. అయినా ఈ చలికాలంలో రాసి, స్కోరు బీరువాలో పెట్టుకో. రెండేళ్ల తరువాత ఆఫీసు నుంచి తొమ్మిదింటికి వచ్చి మళ్లీ శాతాలూ నిష్పత్తులూ మొదటి నుంచి చదవడం ఎంత కష్టమో ప్రమోషన్ పరీక్షలు రాసిన బ్యాంకు వాళ్లను అడుగు.

ఐఎస్‌బీలో 24 నెలల అనుభవం ఉంటే దరఖాస్తుకు అర్హత ఉంది. కానీ తరగతిలో ఎక్కువ మంది నాలుగైదేళ్లు పనిచేసి వచ్చినవాళ్లు. అహ్మదాబాద్ ఐఐఎం ఏడాది కోర్సుకు కనీసం నాలుగేళ్లు అడుగుతారు. వచ్చే ఏడాది సెప్టెంబరులో ఐఎస్‌బీకి దరఖాస్తు పెట్టి, ఆ పై ఏప్రిల్‌లో చేరావనుకో. అప్పటికి నీకు దాదాపు నాలుగేళ్ల అనుభవం, తమ్ముడి చదువు చివరి నెలల్లో. ఈ ఏడాది క్యాట్ రాసి సీటు వస్తే మాత్రం వచ్చే జూన్‌లోనే ఫీజు కట్టాలి. నాన్నగారు రిటైరయ్యేదీ అప్పుడే, తమ్ముడి నాలుగో ఏడాది ఫీజూ అప్పుడే. మూడూ ఒకే నెలలో పడితే అందరి కళ్లూ నాన్నగారి గ్రాట్యుటీ మీద పడతాయి. ఆ డబ్బు మీద ఎవరి కన్నూ పడకూడదు, నీదైనా సరే.

జీతం ఉండగానే లోన్ అన్న పెదనాన్నగారి మాట సగమే నిజం. సహరుణగ్రహీతగా తండ్రి సంతకం కావాలి. కానీ పింఛను కూడా ఆదాయమే. అసలు సంగతి కాలేజీ పేరు. ప్రతి పెద్ద ప్రభుత్వ బ్యాంకు దగ్గరా ఒక జాబితా ఉంటుంది. అందులో పై వరుసలో ఉన్న సంస్థలకు నలభై లక్షలైనా ఇల్లు తాకట్టు పెట్టమనరు. జాబితాలో లేని కాలేజీకి ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి అడుగుతారు. నాలుగు రోజుల్లో లక్ష కట్టమన్నారే, ఆ కాలేజీ పేరు పట్టుకుని దగ్గర్లో ఉన్న బ్రాంచికి వెళ్లి, తాకట్టు లేకుండా ఇస్తారా అని అడుగు. వాళ్ల ముఖం చూస్తే నీకు తెలిసిపోతుంది. నేను పనిచేసిన ఒక బ్రాంచిలో అలాంటి కాలేజీ కోసం తల్లి పేరున ఉన్న ఇంటి పత్రాలు పెట్టించి లోన్ ఇచ్చాం. రూలు ప్రకారం ఫైలులో ఏ లోపమూ లేదు, సంతకం నాదే. కోర్సు అయ్యాక అబ్బాయికి వచ్చిన జీతం వెళ్లకముందు ఉన్నదానికి మూడు వేలు ఎక్కువ. ప్రతి నెలా అయిదో తేదీన ఆమే వచ్చి కిస్తీ కట్టేది. నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. కౌంటరు దగ్గర ఆమె కనిపిస్తే నేనే క్యాబిన్ తలుపు వేసుకునేదాన్ని.

ఇప్పుడు నీ లెక్క. ఐఎస్‌బీకి వసతితో కలిపి నలభై లక్షల చుట్టుపక్కల అవుతుంది. పది శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెల కిస్తీ సుమారు 52,900. అంటే ఈ రోజు నీ చేతికొచ్చే జీతం కంటే ఎక్కువ. పదిహేనేళ్లకు పెడితే 43,000. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఈ అంకె తెలిసే అడుగు వేయమంటున్నాను. ఈ నెల నుంచే 20,000 చొప్పున రికరింగ్ డిపాజిట్ కట్టు. ఇరవై నెలలకు నాలుగు లక్షలు. నలభై లక్షల మీద చదివే ఏడాది వడ్డీ కూడా సుమారుగా అంతే. ఆ వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేస్తే అసలుకు చేరదు. పాత పన్ను విధానంలో ఉంటే కట్టిన వడ్డీ మొత్తానికి ఎనిమిదేళ్లు మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు.

అమ్మగారి మాట మిగిలింది. పెళ్లయ్యాక చదువుకోమన్నవాళ్లలో నిజంగా చదివించినవాళ్లను నా సర్వీసు మొత్తంలో ఒక చేతి వేళ్లతో లెక్కపెట్టవచ్చు. సంబంధం వస్తే చూడవద్దని నేననను. ఏప్రిల్‌లో ఎక్కడ ఉండబోతున్నావో పెళ్లిచూపుల రోజే ఆ అబ్బాయికి చెప్పు. దానికి అమ్మగారు ఏమన్నారో నాకు రాయి.

ప్రశ్న: బీకామ్ చివరి ఏడాది చదువుతున్నాను. ఐసెట్ రాసి వెంటనే ఎంబీఏలో చేరాలా, రెండేళ్లు ఉద్యోగం చేశాకా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఐసెట్ రాయి బాబూ. ఉస్మానియాలోనో కాకతీయలోనో యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలో సీటు వచ్చే ర్యాంకు వస్తే చేరిపో, ఆగకు. రాకపోతే మీ ఊళ్లో ఆడిటరు గారి దగ్గర చేరి జీఎస్టీ రిటర్నులు వేయడం నేర్చుకో. మొదట్లో వాళ్లిచ్చేది నీ బస్సు ఖర్చులకు సరిపోతే అదృష్టమే. ఏడాది తరువాత మళ్లీ ఐసెట్ ఉంటుంది.