ఇల్లు – మీ ప్రశ్నలు: గోడ పక్క సందులో నీళ్లు పొయ్యొచ్చా?

ప్రశ్న: మాది నల్లటి బంకమట్టి నేలండీ. ఇల్లు కట్టి ఆరేళ్లయింది. ఎండలు ముదిరేసరికి బెడ్రూమ్ కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట వస్తోంది, వానలు పడ్డాక సన్నబడిపోతోంది. బయట గోడకీ మట్టికీ మధ్య వేలు దూరేంత సందు కూడా వచ్చింది. ఒకరు ఆ సందులో రోజూ నీళ్లు పొయ్యమంటున్నారు, ఇంకొకరు పునాది దగ్గరికి చుక్క కూడా రానివ్వద్దంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: రెండూ చెయ్యకండి. వానలకి బీట మూసుకుంటోంది అన్నారు చూడండి, జవాబు అక్కడే ఉంది. ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది, పేకముక్కలు పేర్చినట్టు పొరలు పొరలుగా, నీళ్లు ఆ పొరల్లోకి దూరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, ఇల్లు దాని మీదే కూర్చుంది కాబట్టి అదీ లేస్తూ దిగుతూ ఉంటుంది. ఇల్లంతా ఒకే కొలతలో లేచి దిగితే గోడకి ఏమీ అవ్వదు. కానీ ఇంటి మధ్యలో ఫ్లోరింగ్ కింద మట్టికి ఎండ తగలదు, తడి అలాగే ఉండిపోతుంది, బయటి అంచు మాత్రం ఆరిపోయి కుంగుతుంది, మూలలు కిందికి లాగుతాయి, గోడలో బలహీనమైన చోటు కిటికీ మూలే కాబట్టి అక్కడ చీలుతుంది. ఏడాది పొడుగునా నాలుగు వైపులా తడి ఒకేలా ఉంచగలిగితే ఈ గొడవ చాలావరకు ఆగిపోతుంది.

సందులో నీళ్లు పోస్తే అవి తిన్నగా పునాది అడుగుకి దిగిపోయి ఆ ఒక్కచోటే మట్టి నానుతుంది, పక్కన పొడిగానే ఉంటుంది, అంటే తేడా ఇంకా పెరిగినట్టు. దానికి బదులు గోడకి 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో ఇంటి చుట్టూ డ్రిప్ పైపు వేసి, నెర్రెలు రాకముందే, ఎండలు మొదలైనప్పటి నుంచే నిదానంగా తడపండి. ఇప్పటికే బాగా ఎండిపోయి ఉంటే ఒక్కరోజులో తడిపెయ్యకండి, కొన్ని వారాల మీద మెల్లగా పెంచండి. ఎంత తడి చాలు అని అడుగుతారేమో, జానెడు లోతు తవ్వి కాస్త మట్టి తీసి అరచేతిలో దారంలా పాముకుని చూడండి, మూడు మిల్లీమీటర్ల సన్నం దాకా వచ్చి చేతికి అంటుకోకపోతే సరిపోయినట్టు, మధ్యలోనే పొడిపొడిగా విరిగితే ఎండినట్టు, జిగురులా అంటుకుంటే పైపు కట్టెయ్యండి.

వానాకాలం మాత్రం లెక్క తిరగబడుతుంది. డాబా నీళ్ల గొట్టాలు గోడ మొదట్లో వదలకుండా కనీసం రెండు మీటర్ల అవతల పడేలా పొడిగించండి, ఇంటి చుట్టూ నేల బయటికి వాటంగా ఉండాలి, పది అడుగులకి ఆరు అంగుళాలు దిగితే బాగుంటుంది. ఒకసారి ఇల్లు చుట్టి రండి, మిగతా అంతా ఎండిపోయి ఒక్క మూలన మాత్రం గడ్డి పచ్చగా ఉంటే అక్కడ ఏసీ నీళ్లో, లీకవుతున్న పైపో ఉన్నట్టే, ముందు దాని సంగతి చూడండి.

ప్రశ్న: గోడకి నాలుగు మీటర్ల దూరంలో పెద్ద చెట్టు ఉంది, ఇంటికంటే పాతది. వేర్ల వల్లే బీటలంటున్నారు, కొట్టించెయ్యమంటారా?

జవాబు: దయచేసి తొందరపడకండి. చెట్టు వేర్లు మట్టిలో తడి పీల్చేస్తాయి నిజమే, అందుకే నీళ్లు బాగా తాగే చెట్టుని, అది పెరిగాక ఎంత ఎత్తు అవుతుందో కనీసం అంత దూరంలో పెట్టమంటాం. కానీ మీ ఇల్లు కట్టింది ఆ చెట్టు అప్పటికే ఆరబెట్టిన మట్టి మీద, ఇప్పుడు చెట్టు తీసేస్తే ఆ మట్టి మళ్లీ నీళ్లు తాగి ఏళ్ల తరబడి ఉబ్బుతూనే ఉంటుంది, కుంగిన దానికంటే ఇలా లేచిన ఇంటిని సరిచెయ్యడం కష్టం. కొమ్మలు తగ్గిస్తూ ఉంటే అది తాగే నీళ్లూ తగ్గుతాయి. కొట్టాల్సిందే అనిపిస్తే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించాకే గొడ్డలి పట్టండి.

ప్రశ్న: బీటల్ని ఎప్పుడు పూడ్చాలి? మేస్త్రీ వెంటనే సిమెంట్ కొట్టేద్దాం అంటున్నాడు.

జవాబు: ఎండాకాలంలో బీట బాగా తెరుచుకున్నప్పుడు గట్టి సిమెంట్ కుక్కితే, వానలకి గోడ మళ్లీ దగ్గరికి రాబోయి రాలేక పక్కనే ఇంకోచోట పగులుతుంది. అందుకని ముందు తడి సంగతి సరిచెయ్యండి, తర్వాత బీట రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, నెలకోసారి వెడల్పు కొలిచి ఆ పక్కనే రాసుకోండి, ఎండా వానా రెండూ కనపడేలా ఒక ఏడాది. ఏమీ మారలేదంటే అప్పుడు పూడ్చుకోండి. ఈలోగా అయిదు మిల్లీమీటర్లు దాటినా, లోపలి బీట బయటికి కూడా కనపడినా ఏడాది ఆగకండి, ఆ గీతలూ తేదీలూ ఇంజినీర్‌కి చూపించండి.