బెల్లు మోగితే టీవీ కట్టేస్తున్నాను

ప్రశ్న: నా వయసు 56. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. మావారు స్టీల్‌ప్లాంటులో చేసి నిరుడు రిటైరయ్యారు. బెంగళూరు వెళ్తూ మా అబ్బాయి వదిలేసిన వీడియోగేమ్ పెట్టెలో రోజూ మధ్యాహ్నం గంటన్నర ‘లెగో సిటీ అండర్‌కవర్’ ఆడుతున్నాను. దీపం పెట్టే వేళకు లేచిపోతాను. మనసు తేలికపడుతోంది. మావారేమో ‘ఈ వయసులో పిల్లచేష్టలేమిటి, నలుగురూ నవ్వుతారు’ అంటున్నారు. ఎవరైనా బెల్లు కొడితే టీవీ కట్టేస్తున్నాను. ఇది వ్యసనమా?

జవాబు: కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో, 2022 నుంచి అమల్లో ఉన్నదానిలో, గేమింగ్ డిజార్డర్ ఉన్న మాట నిజమే. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ మూలపడటం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా మానలేకపోవడం సాధారణంగా ఏడాదిపాటు సాగితేనే దానికి ఆ పేరు. దీపం వేళకు లేచే మీకు ఆ బెంగ అక్కర్లేదు.

ఆ ఆట ఎందుకు నచ్చిందో తెలుస్తూనే ఉంది. కథానాయకుడు పోలీసే అయినా నెత్తురు చుక్క కనిపించదు. కాసేపు కారులో ఊరంతా తిరుగుతాడు, కాసేపు రైతు వేషం కట్టి కోడిని పట్టుకుని గాల్లో తేలుతూ కిందికి దిగుతాడు. లెగో ముక్కలతో కూర్చిన బొమ్మ కాబట్టి దెబ్బతింటే విడిపోయి, అప్పటిదాకా పోగేసిన బిళ్ళల్లో నాలుగు రాల్చుకుని, వెంటనే లేచి నిలబడతాడు. ఏళ్ల తరబడి ఏ, బీ, సీ షిఫ్టుల ప్రకారం వండి క్యారేజీలు కట్టిన మీకు, పొరపాటు చేసినా ఎవరూ నిలదీయని చోటు ఒకటి దొరికింది. దాన్ని పిల్లచేష్ట అంటే నేను ఒప్పుకోను. మగవాళ్లు గంటలకొద్దీ పేకాడితే మాత్రం కాలక్షేపం!

నాకు నచ్చనిది మీరు టీవీ కట్టేయడం. దాచిన కొద్దీ అది తప్పేమోనని ముందు మీకే అనిపిస్తుంది. ఆటను కాసేపు ఆపి తలుపు తీయండి. పక్కింటావిడ అడిగితే, ఆడుకుంటున్నానని చెప్పండి.

ఇక మీవారు. నలుగురి భయం పైకి చెప్పే కారణం కావచ్చు. ఉద్యోగం లేని మధ్యాహ్నం ఎంతకీ గడవదు. ఆ గంటన్నరా ఆయన ఏం చేస్తుంటారో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. కనుక్కోండి. 2017లో వచ్చిన రూపంలో ఈ ఆట ఇద్దరూ కలిసి ఆడుకోవచ్చు. రెండో కంట్రోలర్ ఉంటే ఆయన పక్కన పెట్టండి, బతిమాలకండి. ముట్టుకోకపోతే మానె, సాయంత్రం ఇద్దరూ అప్పూఘర్ వైపు నడిచి రండి. అంతసేపు కూర్చున్న మోకాళ్లకూ అది అవసరమే.

వచ్చినవాళ్ల ముందు ఎగతాళి చేస్తే మాత్రం ఊరుకోకండి. ‘మీ పేపరుకు నేను అడ్డొస్తున్నానా?’ అని అక్కడే నవ్వుతూ అడిగేయండి.